దుబాయికి పోయిన స్వెటర్లు

మా ఆవిడ అమృతమ్మ స్వెటర్లు అల్లుతుంది. సిమ్లాలో పుట్టి ఉంటే ఆమెకు దండలు వేసేవాళ్లు. మేముండేది జడ్చర్లలో. ఇక్కడ చలి అనేది క్రిస్మస్‌కు చుట్టంలా వచ్చి, కేకు తిని పోతుంది. ఆ నాలుగు రోజుల కోసం ఆవిడ ఏడాదంతా సూదులు ఆడిస్తుంది. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో దొరసాని నేర్పిన పని అది. దొరసాని తన దేశానికి పోయింది, ఊలు మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది.

ఇంకో తిప్పలు ఆవిడ కొలతలతో. జానతో కొలిచి, పైన బెత్తెడు కలుపుతుంది. "జర వదులుగుండాలె, పెరుగుతరు" అంటుంది. మా అబ్బాయి నవీన్‌కుమార్ బడికి పోయేటప్పుడు అది న్యాయమే. వాడికిప్పుడు నలభై దాటాయి, మందుల కంపెనీలో సూపర్‌వైజరు. నేను బస్సు కండక్టరుగా రిటైరై కూడా చాలా ఏళ్లయింది. నేనింకా ఎటు పెరగాలి? స్వెటరు తొడిగితే చేతులు లోపలే ఉండిపోతాయి, అంచు మోకాళ్లకు తగులుతుంది. అందుకే పండగనాడు ఒక్కసారి చర్చికి వేసుకుపోయి, చెమటలు కక్కి, ఇంటికి రాగానే పురుగు పట్టకుండా డాంబర్ గోలీలేసి ట్రంకు పెట్టెలో పడేస్తాం. "నేనల్లింది మనసుపెట్టి ఏసుకున్నోళ్లే లేరు ఈ ఇంట్ల" అని ఆవిడ ప్రతి ఏడూ బాధపడుతుంది.

పోయిన ఎండాకాలం నవీన్ మమ్మల్ని దుబాయి చూపిస్తానన్నాడు. మా పాలమూరు నుంచి బొంబాయికి మట్టిపనికి పోయినవాళ్లు ఊరూరా ఉన్నారు. మే నెలలో ఎడారికి పోయి మంచు చూసొచ్చింది మాత్రం మేమే అనుకుంటా. అక్కడ పెద్ద హాలులో మిషన్లతో మంచు కురిపిస్తారట. ఆ మాట వినగానే ఆవిడ లేచి కూర్చుంది.

"మంచుల అందరు నా స్వెటర్లు ఏసుకుంటమంటెనే వస్త. లేకుంటె మీరే పోయిరాండ్రి."

కోడలు కోమల సరేనంది. నవీన్ కూడా తల గోక్కుంటూ సరేనన్నాడు. ఫొటోలు ఫేస్‌బుక్కులో పెట్టాలి కదా, వాడి బాధ వాడిది.

దుబాయిలో మమ్మల్ని ఆకాశమంత మేడ ఎక్కించారు. అందరూ కింద ఊరు చూస్తుంటే, ఆవిడ పక్కనున్న ఎవరో దొరసాని వేసుకున్న, వలలాంటి అల్లిక జాకెట్టు చూసింది. "ఒక్క పోగు గుంజితె మొత్తం ఊడుతది" అని నా చెవిలో చెప్పింది. ఆవిడ చూసిన దుబాయి అంతే.

చివరిరోజు మంచు హాలుకు పోయాం. ఆవిడ సంచి విప్పి స్వెటర్లు తీసిందో లేదో, గేటు దగ్గరి పిల్ల టికెట్లతోపాటు లావుపాటి కోట్లు ఇచ్చింది. అవి వేసుకోనిదే లోపలికి పంపరట. నవీన్ ముఖం వెలిగిపోయింది. "నేనేం జెయ్యాలె అమ్మా, రూలు గట్లున్నది" అన్నాడు, ఆ రూలు వాళ్ల తాత పెట్టినంత మురిపెంగా.

ఆవిడ స్వెటర్లు మళ్లీ మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

"మీరు పోయిరాండ్రి. నేను సామాన్ల కాడ కూసుంట."

చిన్నదానికీ పెద్దదానికీ నాతో కొట్లాడే మనిషి, సంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

"ఏదీ, నాది ఇటు తే" అన్నాను. అప్పటికే వేసుకున్న కోటు విప్పకుండా దాని మీదనే స్వెటరు తొడిగాను.

యేసయ్య సాక్షిగా చెబుతున్నా, సరిపోయింది. చేతులు మణికట్టు దగ్గర ఆగాయి. వదులన్నదే లేదు. నవీన్ నన్ను ఎగాదిగా చూసి, తనది అందుకున్నాడు. వాడి వెనకే కోమల. గేటు దగ్గరి పిల్ల నవ్వి, మాకు ఫొటో తీస్తానని ఫోను అడిగింది.

ఆవిడ లేచొచ్చి ఒక్కొక్కరి భుజాలు సర్దింది, చేతుల అంచులు గుంజి చూసింది. మధ్యలో కళ్లు తుడుచుకుంది, నేను చూడనట్టే ఉన్నాను.

"పెరుగుతరని చెప్పుకుంటనే ఉన్న" అంది. "ఇన్నేండ్లల్ల ఒక్కలన్న ఇన్నరా?"