నా మాట వినని తాత

కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కి కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. "మేడం, ఇయ్యాల మేం రాము. మా మామ పోయిండు. తెల్లారంగ దమ్మొచ్చింది, దవాఖాన దాకా పోనేలేదు," అంది అక్షిత వాళ్ల అమ్మ. ఆమె మామ అంటే అక్షితకు తాత. ఏడాదిగా ప్రతి శుక్రవారం నా ప్రాణం తోడేసిన తాత.

ఒట్టు, నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. దసరా సెలవులు అయిపోగానే ఒక పని మానేస్తానని నాకు మాటిచ్చాడు ఆయన. సెలవులు అవకముందే ఇలా చేశాడు. ఎప్పుడు నా మాట విన్నాడు గనక!

నా పని మీకు చెప్పాలి. నేను పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టుని. అన్నం తినడం, గుండీ పెట్టుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం లాంటివి చేయలేని పిల్లలకు ఆటలాడిస్తూ నేర్పిస్తాను. చదువు అయిపోయి ఉద్యోగంలో చేరిన కొత్త. వారంలో మొదటి రెండ్రోజులు సూర్యాపేట, తర్వాత రెండ్రోజులు మా కోదాడ, శుక్రవారం మిర్యాలగూడ. ఎక్కడికి పోయినా ఒకటే ప్రశ్న, "ఫిజియోనా?" అని. కాదని చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. తాత మాత్రం అదీ అడగలేదు. మొదటి రోజే నేను పిల్లల్ని చూసే గదంతా కలియజూసి, "గీ బొమ్మలతోని ఆడిచ్చుటానికి గూడ సదువుంటదా బిడ్డా?" అన్నాడు.

అక్షితకు ఆరేళ్లు. పుట్టుకతోనే కుడి చెయ్యి సరిగ్గా తెరుచుకోదు, పిడికిలి బిగుసుకునే ఉంటుంది. ఎడమ చెయ్యి బంగారం లాంటి చెయ్యి. మాడుగులపల్లి పక్క ఊరు వాళ్లది. తండ్రి లారీ మీద పోతాడు, తల్లి రైసుమిల్లు పనికి పోతుంది. కాబట్టి పిల్లను బస్సులో తెచ్చేది తాతే, చెప్పులు విప్పేది తాతే, "నీ పేరేంటమ్మా?" అని నేను పిల్లను అడిగితే జవాబు చెప్పేదీ తాతే.

"తాతా, నేను పాపను అడిగాను."

"దానికి సిగ్గు బిడ్డా. నేను చెప్తే ఏమాయె?"

పూసలు గుచ్చమని పాప ముందు పెట్టి, ఇంకో పిల్లాడి వైపు తిరిగేదాన్ని. మళ్లీ చూసేసరికి దండ తయారు! "ఎవరు గుచ్చారు?" అంటే, "పాపనే," అనేవాడు, సూది ఇంకా తన వేళ్ల మధ్య పట్టుకునే. ఇంట్లో రోజూ చేయించాల్సిన పనులు కాగితం మీద రాసి, చేసిన రోజు టిక్కు పెట్టమని ఇచ్చాను. వారం తిరిగేసరికి నెలంతా టిక్కులు పెట్టి తెచ్చాడు. ఇంకా రాని ఆదివారాలకు కూడా! "ఇదేంటి తాతా?" అని అరిస్తే, "ఎట్లైన చేసేదే కదా బిడ్డా, ముందే పెట్టిన," అన్నాడు నింపాదిగా. నెత్తి గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆయనకు కోపం లేనప్పుడు నేను బిడ్డను, కోపమొస్తే మేడంను. ఆ రోజు ఆయన బస్టాండుకు పోయేటప్పుడు నేను మేడంనే.

అసలు గొడవ అన్నం దగ్గర. కుడి చెయ్యి పళ్లెం కదలకుండా అదిమి పట్టుకోవాలి, ఎడమ చేత్తో తినాలి. నేను పెట్టిన పద్ధతి అదే, ఇప్పటికీ అదే అంటాను. తాత ససేమిరా అన్నాడు.

"ఎడమ చేత్తోనా? ఆడపిల్ల. రేపు పెండ్లిల బంతిల కూసుంటే నలుగురు నవ్వరా?"

"ఆకలితో కూర్చుంటే నవ్వరా?"

"ఆకలితోని ఎందుకుంటది? నేను లేనా?"

ఉన్నాడు, అదే కదా నా బాధ! బడిలో మధ్యాహ్నం గంట కొట్టే వేళకు గేటు దగ్గర హాజరు. దమ్ము మనిషి, నాలుగడుగులకోసారి ఆగుతూ నడిచొచ్చి, వరండాలో పిల్లల మధ్య కూర్చుని కలిపి ముద్దలు పెట్టేవాడు. మూతి తన తువ్వాలతో తుడిచి మళ్లీ నడిచిపోయేవాడు. బడి టీచరమ్మ మంచిదే, కొన్నాళ్లు ఊరుకుంది. చివరికి తల్లిని పిలిచి చెప్పిందట, పిల్ల సొంతంగా తినడం నేర్చుకోవాలి, లేదంటే ఇంకో ఏడాది ఇంటి దగ్గరే ఉంచుకోండని. ఇంటి దగ్గరుంటే ఎవరు చూడాలి? తల్లి మిల్లు మానుకోవాలి. బడి పోతుంది, పనీ పోతుంది. ఇదంతా ఒక్క ముద్ద కోసం.

ఆ సంగతి తెలిసిన శుక్రవారం నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ముఖం మీదే అనేశాను. "రేపు నువ్వు లేకపోతే ఎవరు తినిపిస్తారు తాతా?"

అనకూడని మాట. అన్న వెంటనే తెలిసింది. ఆయన పిల్లకు చెప్పులు తొడిగాడు, సంచీ భుజానికేసుకున్నాడు. గడప దాటుతూ, "పిల్లను ఏడిపియ్యకుంట నేర్పే సదువు లేదా మేడం?" అన్నాడు. ఆ వారమంతా ఆ మాట నన్ను తిననివ్వలేదు. వాళ్లిక రారనుకున్నాను.

వచ్చారు. తాత నా బల్ల మీద ఒక సొరకాయ పెట్టాడు. "చేన్ల కాసింది, వండుకో బిడ్డా. దసరా సెలవులైనంక నేను బడికి పోను. సరేనా?" అన్నాడు. సరే అన్నాను కానీ నమ్మలేదు. రాని ఆదివారానికి టిక్కు పెట్టిన మనిషిని ఎలా నమ్ముతాను? ఆ తర్వాతి శుక్రవారమే ఆ ఫోను.

పదకొండు దినాలూ అయ్యాక అక్షిత మళ్లీ బడికి పోతోందని తెలిసింది. నాకు మనసు ఆగలేదు. తాత లేడు, పిల్ల మధ్యాహ్నం ఏం చేస్తోందో! శుక్రవారం మిర్యాలగూడలో పిల్లల్ని తొందరగా చూసేసి, ఆటో పట్టుకుని గంట కొట్టే వేళకు బడికి చేరాను. తినిపించడానికి నేనే సిద్ధమై పోయాను, నిజం చెప్పాలంటే.

వరుసలో కూర్చుని ఉంది. కుడి పిడికిలి పళ్లెం అంచు మీద అదిమి పెట్టింది. ఎడమ చేత్తో పప్పన్నం కలుపుకుని తింటోంది. గబగబా, పక్కపిల్లతో కబుర్లు చెప్తూ. టీచరమ్మ నావైపు చూసి, "సెలవులైనంక వచ్చిన్నాటి నుంచి గిట్లనే మేడం," అంది.

పక్కన చతికిలబడ్డాను. "తాత నేర్పాడా?"

నన్నొక తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "తాతకేం రాదు. నేనే నేర్పిన తాతకు."

ముద్దకొక మాట చొప్పున చెప్పింది. సెలవుల్లో రోజూ అమ్మ మిల్లుకు పోగానే తాత తలుపు దగ్గరికేసి రెండు పళ్లేలు పెట్టేవాడట. నువ్వు ఎడమ చేత్తో తింటే నేనూ ఎడమ చేత్తోనే తింటా అన్నాడట. "అంగి మీదంత పోసుకునెటోడు. మీసాలకంత పప్పే. నవ్వీ నవ్వీ నాకు కడుపునొచ్చేది. ఎవ్వలకు చెప్పొద్దన్నడు. నీకైతే అసలే చెప్పొద్దన్నడు."

నాకు అసలే చెప్పొద్దట! అప్పుడొచ్చింది ఏడుపు, పిల్లలందరి ముందూ. నలుగురు నవ్వుతారని జీవితమంతా భయపడ్డ మనిషి, ఆ చేత్తోనే మనవరాలి ముందు కూర్చుని నవ్వులపాలయ్యాడు. నేనేం చేశాను? ఎడమ చేత్తో తిను తిను అని ఏడాదంతా ఆ పిల్ల వెంట పడ్డాను. ఆ చేత్తో నేనొక్క ముద్ద తిని చూపించలేదు, కష్టమేమిటో నాకే తెలియదు. ఆ సంగతి నాకు ఏ చదువూ చెప్పలేదు, ఆయన చెప్పాడు. అదీ నాకు చెప్పకుండా చెప్పాడు. ఒక్క ముక్క నాతో అని పోతే ఆయన సొమ్మేం పోయేది? కాళ్లకు దండం పెట్టి ఉండేదాన్ని. మొండి ముసలాయన.

టీచరమ్మ నాకూ ఒక పళ్లెం తెచ్చి ఇచ్చింది. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో అన్నం కలిపాను. ముద్ద నోటిదాకా రాకముందే విరిగి చున్నీ మీద పడింది. అక్షిత పకపకా నవ్వింది.

"గట్ల కాదు మేడం. బొటనవేలుతోని నూకాలె."

ఇంకోసారి ప్రయత్నించాను. మళ్లీ పడింది. ఇక లాభం లేదన్నట్టు తన పళ్లెం పక్కకు జరిపి, పప్పు అంటుకున్న ఆ ఎడమ చేత్తో నా బొటనవేలు పట్టుకుని మెల్లగా వంచింది.