యాభై రెండేళ్లకు అమీర్‌పేట

ఏలూరులో బండి ఎక్కేసరికి ఉదయం ఏడు కావస్తోంది. మావారు స్టేషను దాకా వచ్చారు కాని ప్లాట్‌ఫారం మీదకు రాలేదు. స్కూటరు దగ్గరే నిలబడి, "ఆదివారానికి వచ్చెయ్. సోమవారం ఆ కొరియర్ అతను అడ్వాన్సు తెస్తాడు" అన్నారు.

నా ప్రయాణానికి కారణం ఆ కొరియర్ అతనే. పవరుపేటలో మా ఇంటి ముందు గదిలో ఇరవై ఏళ్లకు పైగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. లోయరు, హయ్యరు పరీక్షలకు కట్టే పిల్లలు తెల్లవారకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్లు. కంప్యూటర్లు వచ్చాక ఒక్కొక్కరే తగ్గారు. చివరి వేసవిలో కొత్తగా ఎవరూ చేరలేదు. మిషన్లు అమ్మేశాం. గదిని కొరియర్ ఆఫీసుకు అద్దెకిద్దామని మావారూ, హైదరాబాదులో ఉండే మా మరిది చంద్రశేఖరమూ నిర్ణయించారు. "అమ్మాయి పెళ్లి కూడా అయిపోయింది. ఇక హాయిగా విశ్రాంతి తీసుకో" అన్నారు ఇద్దరూ. విశ్రాంతి కావాలా అని మాత్రం నన్నెవరూ అడగలేదు. రెండు నెలలు తీసుకుని చూశాను. మధ్యాహ్నం నిద్రపోయి లేచాక సాయంత్రం ఎందుకు వస్తోందో తెలిసేది కాదు.

మా ఊరి పిల్లలు కంప్యూటరు నేర్చుకోవడానికి అమీర్‌పేట వెళుతున్నారు. నేనే వెళ్లి నేర్చుకుని వస్తే, వాళ్లకు మా గదిలోనే నేర్పవచ్చు కదా అనిపించింది. మావారు నవ్వి, "చూసిరా, నీకే తెలుస్తుంది" అన్నారు.

విజయవాడలో ఇడ్లీ తిన్నాను. కాజీపేటలో ఒక పెద్దాయన ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు. అమీర్‌పేట అనగానే తల ఊపాడు.

"మా తమ్ముని కొడుకు సుత ఆడనే ఉన్నడమ్మా. ఎనిమిది నెలలాయె. ఏం నేర్చుకుంటుండో వానికే తెల్వాలె. మీ పిల్లగాడు సుత ఆడనేనా?"

"లేదండి. నేనే చేరదామని."

ఆయన నన్నొకసారి చూసి, "చేరుండ్రి. జర రూము మాత్రం చూసి తీస్కోండ్రి, నీళ్లుండవు" అన్నాడు. ఆ ప్రయాణంలో నాకు అందిన మొదటి సలహా అదే. పనికొచ్చే సలహా.

సికింద్రాబాదులో దిగి సిటీ బస్సెక్కాను. బేగంపేట మీదుగా అమీర్‌పేట చేరడానికి రైల్లో ఏలూరు నుంచి విజయవాడ చేరినంతసేపు పట్టినట్టనిపించింది. బస యూసుఫ్‌గూడలో. ఒకప్పుడు నా దగ్గర హయ్యరు పాసైన శైలజ ఇప్పుడు పంజాగుట్టలో ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తోంది. ఆమె గది మూడో అంతస్తులో, మంచం పట్టగా మిగిలిన చోటే వంటిల్లు. "మంచం మీద మీరు పడుకోండి మేడమ్" అని పంతం పట్టింది.

మర్నాడు పొద్దున్నే అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర బస్సు దిగాను. గోడ కనిపించకుండా బోర్డులు, బోర్డు కనిపించకుండా బ్యానర్లు. ఫుట్‌పాత్ మీద కుర్రాళ్లు వచ్చేపోయేవాళ్ల చేతుల్లో కరపత్రాలు పెడుతున్నారు. నా దగ్గరకు వచ్చేసరికి చేతులు వెనక్కి పోతున్నాయి. నేనే అడిగి తీసుకున్నాను.

మొదట వెళ్లిన చోట కౌంటరులో అమ్మాయి, "ఎవరికాంటీ, బాబుకా?" అంది. నాకే అన్నాను. "హౌస్‌వైవ్స్‌కి ఈజీ కోర్సు ఉంది. లెటర్ టైప్ చేయడం నేర్పిస్తారు" అంది. నేను లేచి వచ్చేశాను.

రెండోచోట ఉచిత డెమో క్లాసు. ప్రోగ్రామింగ్. రేకుల షెడ్డులో బెంచీల మీద కుర్రకారు భుజాలు ఒరుసుకుంటూ కూర్చున్నారు. నేను వెనక బెంచీ చివర సర్దుకున్నాను. చెప్పే ఆయన పేరు యాదగిరి. ముప్పై ఐదేళ్లుంటాయేమో. మైకు పట్టుకోగానే నన్ను చూశాడు.

"అమ్మా, ఎవరి కోసం వచ్చిన్రు? బయట కుర్చీలున్నయి, ఆడ కూసోండ్రి."

షెడ్డంతా నవ్వింది. లేచి నిలబడి, "నేను క్లాసుకే వచ్చానండి" అన్నాను. నా గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

ఆయన నవ్వలేదు. "అయితే ముందుకు రాండ్రి. ఎనక వినబడది" అని మొదటి బెంచీలో చోటు చేయించాడు.

పాఠం అర్థం కాలేదని ఒప్పుకోవాలి. ఆయన "క్లాసు" అన్నప్పుడల్లా మేం కూర్చున్న క్లాసనే అనుకున్నాను. ప్రోగ్రాములో ఒక భాగాన్ని కూడా అలాగే అంటారని సగం అయ్యాక తెలిసింది. పక్కనున్న నల్లగొండ అమ్మాయి స్వప్న నా ముఖం చూసి, "ఫికర్ జెయ్యకుండ్రి ఆంటీ, నాకు సుత సమజ్ కాలె" అని గుసగుసలాడింది.

అయ్యాక యాదగిరి గారి దగ్గరకు వెళ్లాను. రోజూ వస్తే అర్థమవుతుందా అని అడిగాను.

"అందరికీ గట్లనే ఉంటది. సగం మంది నడుమల పోతరు. ఉన్నోళ్లకు వస్తది" అన్నాడు. తర్వాత కొంచెం తగ్గిన గొంతుతో, "గీ వయసుల ఉద్యోగం ఎవరిస్తరమ్మా?" అన్నాడు.

"ఉద్యోగం వద్దండి. మా ఊళ్లో నేర్పుతాను."

"అయితే సోమవారం బ్యాచ్‌ల రాండ్రి" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం మా మరిది పంజాగుట్ట సెంటరులో ఒక హోటల్లో భోజనం పెట్టించాడు. ఆయన బ్యాంకులో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని ఏడాది దాటింది.

"వదినగారూ, కుర్రాళ్ల మధ్య ఈ వయసులో ఎందుకండీ ఈ తిప్పలు? నలుగురూ నవ్వుతారు."

"నిన్న నవ్వారు. అయిపోయింది."

ఆయన పప్పు కలుపుకున్నాడు. మీరు రోజంతా ఏం చేస్తారని అడిగాను, ఎత్తిపొడవడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని. పేపరు చదువుతానన్నాడు. నడకకు వెళతానన్నాడు. ఇంకేదో చెప్పబోయి దొరక్క, రెండు పేపర్లు చదువుతానన్నాడు.

"మొదటి నెల బాగుంది వదినగారూ" అన్నాడు. చేయి కడుక్కుని వచ్చాక మాత్రం మళ్లీ పాత మాటకే వచ్చాడు. "ఆ కొరియర్ అతనికి మాటిచ్చానండీ."

"ఇచ్చింది మీరు. నేను ఇవ్వలేదు."

హోటలు పక్కనే ఎస్టీడీ బూత్. ఆయన బయట నిలబడి ఉండగానే మావారికి ఫోను చేశాను.

"గది ఎవరికీ ఇవ్వకండి. రేపు వస్తాను. బట్టలు సర్దుకుని రాత్రి బండికే తిరిగొస్తాను, మూడు నెలల కోర్సు."

"మరి నా భోజనం?" అన్నారు.

"బియ్యం ఎక్కడుందో మీకు తెలుసు. చారు పెట్టడం రేపు వచ్చి చూపిస్తాను."

డబ్బులిచ్చి బూత్ బయటకు వచ్చాను. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన మాటకు అడ్డు చెప్పడం అదే మొదలు. మరిది నన్ను బస్టాపు దాకా దిగబెట్టాడు. బస్సు వస్తుంటే, "ఆ క్లాసుకి ఎవరైనా రావచ్చా?" అని అడిగాడు. రావచ్చన్నాను.

నా తర్వాత వెళ్లేవారికి ఒక మాట. మూడు నెలలని చెప్పినవాళ్లను నమ్మకండి, నాకు అయిదు పట్టింది. రెండుసార్లు మానేద్దామనుకున్నాను. బస్సుల్లో నిలబడి మోకాళ్లు వాచాయి. అయినా మళ్లీ వెళ్లమంటే వెళతాను.

ఫోను చేసిన మర్నాడు, ఆదివారం తిరుగు బండిలో నా వయసావిడే ఎదురుగా కూర్చుంది. వరంగల్ స్కూల్లో టీచరట, ఖమ్మంలో చెల్లెలింటికి వెళుతోంది. మరుసటి ఏడాది పదవీ విరమణ అని చెప్పి, "మీరు రిటైరయ్యారాండీ?" అని అడిగింది.

"అయ్యాను. నచ్చలేదు, మానేశాను."

ఆమె నవ్వలేదు. ఒడిలోని సంచీ తీసి పక్కన పెట్టుకుని, "మానేసి ఏం చేస్తున్నారు?" అంది. ఖమ్మం వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.