చేతులు మారిన వెలుతురు

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కితే, గాజుల పెట్టె ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలామె జరిగి నాకు చోటిచ్చింది. పేరు అడగలేదు, అవ్వా అనే పిలిచాను.

"ఏం పని చేస్తాండావ్ పాపా?"

"ల్యాబులో పనవ్వా. పాలిమర్ అని, పొడుగాటి గొలుసు మాదిరి ఉంటాది. దానికి వరసగా రంగులు అంటిస్తాం. మొదటి రంగు వెలుతురు పట్టుకొని పక్కదానికిస్తాది. అది ఇంకోదానికి. ఆఖరుది వెలగాల."

"వెలుగుతాందా?"

"యాడవ్వా! నడిమధ్యలోనే పోతాంది."

ఆ పని వదిలేద్దామనుకుంటున్న రోజులవి. అది మాత్రం చెప్పలేదు.

శిరివెళ్లలో బస్సు కిక్కిరిసింది. వెనక తలుపు దగ్గర ఇరుక్కున్న ఒక తల్లి ఎవర్నీ అడక్కుండానే, తన చంటిదాన్ని దగ్గరున్న చేతుల్లో పెట్టింది. వాళ్లు ముందున్నవాళ్లకి అందించారు. మా వైపు అది మామూలే. తలల మీదుగా చేతులు మారుతూ బిడ్డ అవ్వ దాకా వచ్చింది. ఆమె ఒళ్లో పెట్టె ఉంది కదా, అందుకొని నా ఒళ్లో కూర్చోబెట్టింది. ఎత్తుకోవడం చేతకాక నేను బిగుసుకుపోయాను. బిడ్డ ఏడుపు మొహం పెట్టింది.

"ఏందట్లా కొయ్య మాదిరి కూచున్నావ్? అందరి చేతులూ దాటి ఆఖరున నీ కాడికొచ్చింది. వెలగాల్సింది నువ్వే గదా? నవ్వు!" అని అవ్వ కసిరింది.

నవ్వాను. బిడ్డ నా ముక్కు పట్టుకుంది.

నా గొలుసులో ఆఖరి రంగు వెలగడానికి ఆ తర్వాత చాలాకాలం పట్టింది. వెలిగినప్పుడు ల్యాబు చీకటిగదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. కాసేపు కొయ్యలాగే నిలబడిపోయి, అవ్వ కసురుతుందేమోనని గబుక్కున నవ్వేశాను.