ముందు ఆమెది, తర్వాత నాది

రైలు తెనాలి దాటి రేపల్లె వైపు మళ్ళితే కిటికీ నిండా పచ్చదనం నీళ్ళలా పారుతుంది. ఆ ఉదయం ఆ పారుదలలో నేనూ తేలిపోతున్నాను. పక్క సీట్లో బాపట్ల అమ్మాయి, మా ఆఫీసులో నాతో పనిచేసే ఇంజనీరు, వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది.

మేం వెళ్తున్న ధాన్యం మిల్లు కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌లో కాటా తూకం ఆమె భాగం, గోడౌన్ నిల్వ నా భాగం. నిల్వ తేలాలంటే తూకం కావాలి. ఏ భాగానికి ఏది కావాలో ఫైల్లో ఒక్క ముక్క రాస్తే చాలు; భాగాలన్నీ కలిపి ప్రోగ్రాం తయారుచేసే బిల్డ్ టూల్ అది చదివి, ఏది ముందో తానే తేల్చుకుని వరసగా కట్టుకుంటూ పోతుంది.

నేను ఆ ముక్క రాయలేదు. మా ఊరు నందివెలుగులో మా పొలాలు పోయాయి, మేడ పోయింది. పక్కింటి నుంచి చేట కూడా అరువు తేని అలవాటు మాత్రం మాకు మిగిలింది. అందుకని అడక్కుండానే ఆమె కోడును నా భాగంలోకి కాపీ చేసుకున్నాను. ఆ తర్వాత ఆమె ఖాళీ గోతాల బరువు మినహాయించేలా తన లెక్క సరిచేసింది. నా దగ్గర పాతదే ఉండిపోయింది.

రైలు దిగి మిల్లుకెళ్ళి నడిపి చూస్తే, కాటా దగ్గరి తెర ఒక అంకె, గోడౌన్ తెర ఇంకో అంకె చూపించాయి.

"ఏంటి బాబూ, నా ధాన్యం కాటా మీద ఒకలాగా, గోడౌన్లో ఇంకోలాగా ఉంటదా?" అన్నాడు యజమాని. "మూడింటికి ట్రాక్టర్లొస్తాయి. అప్పటికి కుదరకపోతే మీ కంప్యూటర్లు సర్దుకోండి."

మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ తీసుకున్న ఒకే ఒక్క మిల్లు అది.

ఆమె నా ఫైలు తెరిచి చూసింది. "ఇది నా కోడేనండీ! అడిగి తీసుకుంటే అరువు. అడక్కుండా తీసుకుంటే ఏమంటారండీ?"

నవ్వుతూనే అంది. నా చెవులు కాలిపోయాయి.

"మీ కొత్త భాగం ఇస్తారా?" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక అలా ఒకరిని అడగడం అదే మొదలు.

"అందరికీ అందేలా పెట్టి నెలయిందండీ. మీరే చూళ్ళేదు."

కాపీ చేసింది చెరిపేశాను. ఆమె భాగం పేరు నా ఫైల్లో రాసి బిల్డ్ మొదలుపెట్టాను. మిల్లు మోత ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. ఎండ పడిన చోట ఊక ధూళి నిదానంగా తిరుగుతోంది. తెర మీద ముందు ఆమె భాగం తయారవుతోంది. నాది తన వంతు కోసం ఆగి ఉంది. ఆగడంలో అంత హాయి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

నాదీ పూర్తయింది. రెండు తెరల మీదా ఒకే అంకె.

యజమాని గేటు వైపు తిరిగి, మొదటి ట్రాక్టరును కాటా ఎక్కించమని కేకేశాడు.