ఆల్మాటీలో పడ్డవాడు

మా చిన్న ఊరు టోక్‌మోక్‌లో సాతర్‌ని అందరూ మొహం చూసి గుర్తుపట్టేవాళ్ళు. నేను గొంతు విని గుర్తుపట్టేదాన్ని. నాటకశాలలో నేను ప్రాంప్టర్‌ని. తెర పక్కన ఇరుకు సందులో కూర్చుని, నటుడు తడబడితే మాట అందించడం నా పని. అక్కణ్ణుంచి వీపులు, మోచేతులు తప్ప ఏమీ కనిపించవు. ఊపిరిని బట్టే మనిషి ఎలా ఉన్నాడో తెలుసుకోవాలి.

సాతర్ నాన్న చక్కెర మిల్లులో బస్తాలు మోసేవాడు. కొడుకు వీధిలో కొట్లాటలు పెట్టుకుంటున్నాడని తీసుకెళ్ళి గాజు ఫ్యాక్టరీ వ్యాయామశాలలో బాక్సింగు నేర్పే విల్లి ఆంద్రేయెవిచ్‌కి అప్పజెప్పాడు. విల్లి యుద్ధకాలంలో సోవియట్ ప్రభుత్వం మా వైపుకి తోలేసిన జర్మన్ల కొడుకు. మాటలు తక్కువ. రోజంతా "దెబ్బ కాచుకో, గడ్డం దించు" అన్నమాట తప్ప ఇంకోటి అనేవాడు కాదని సాతర్ చెప్పేవాడు. ఇరవై నిండకముందే సాతర్ ముక్కు విరిగి ఒక పక్కకి ఒరిగింది. జిల్లా పోటీల్లో గెలిచిన కప్పుల్ని వాళ్ళమ్మ పిండి డబ్బాల పక్కన వరసగా పెట్టుకుంది.

ఒక చలికాలం మా దర్శకుడు జెకెన్ కొత్త నాటకం మొదలుపెట్టాడు. తప్పు చేసిన కన్నకొడుక్కి మరణశిక్ష వేసే పాతకాలపు రాజు, ఖాన్ కథ అది. ఖాన్ వేషం జెకెన్‌దే. సైనికులుగా నిలబడటానికి వ్యాయామశాల నుంచి కుర్రాళ్ళని అరువు తెచ్చాడు. మిగతావాళ్ళు ఈటెలు పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటూ నవ్వుకునేవారు. సాతర్ కదలకుండా ఖాన్ మాటలు వింటూ నిలబడేవాడు. ఒకరోజు విరామంలో నా దగ్గరికొచ్చి తీర్పు చెప్పే ఘట్టం మొత్తం అప్పజెప్పి, "సరిగ్గా ఉందా అక్కా?" అని అడిగాడు. నేను పుస్తకం మూసేసి విన్నాను. ఒక్క మాట తప్పలేదు, గొంతు ఖాన్‌కి తగ్గట్టు నిండుగా ఉంది.

జెకెన్ కూడా విన్నాడు. అతనే సాతర్‌ని తాష్కెంట్‌కి నటన చదువుకి పంపించాడు. తిరిగొచ్చాక మాత్రం ఇచ్చినవన్నీ కాపలావాళ్ళు, తలారులు, తాగుబోతుల వేషాలు. సాతర్ ఒకసారి ధైర్యం చేసి అడిగాడు.

"నీ గొంతు ఖాన్‌ది, మొహం తలారిది" అన్నాడు జెకెన్. "జనం ముందు చూసేది మొహాన్నేరా. ఇంకొంచెం ముసలాడివి అవ్వు, చూద్దాం."

దుస్తులు కుట్టే బురుల్‌ని సాతర్ పెళ్ళి చేసుకున్నాడు. ఆమె నోటి ముందు నిలబడటం కంటే రింగులో నిలబడటం సులువని నవ్వేవాడు.

తర్వాత రాజధానిలోని సినిమా స్టూడియో నుంచి బాక్సింగు తెలిసిన నటుణ్ణి వెతుక్కుంటూ మనుషులొచ్చారు. చివర్లో కథానాయకుడి చేతిలో ఓడిపోయే పొగరుబోతు వేషం. ఆ కథానాయకుడికి పిడికిలి బిగించడం కూడా రాదు. బొటనవేలు లోపల పెట్టి మూసేవాడట. వారం రోజులు కూర్చోబెట్టి తనని ఎలా కొట్టాలో సాతరే వాడికి నేర్పాడు. సినిమా మూలమూలలా ఆడింది. చివరి దెబ్బకి సాతర్ చేతులు బార్లా చాపి, కొట్టేసిన చెట్టులా వెల్లకిలా పడతాడు. ఆ పడటం చూసి హాలంతా ఈలలు వేసేది. అప్పట్నుంచి పిల్లలు వీధిలో కనిపిస్తే "పడిపో సాతర్, పడిపో!" అని అరిచేవారు. బజార్లో పుచ్చకాయలమ్మేవాళ్ళు "ఇవాళ ఎవడి చేతిలో తన్నులు తిన్నావు?" అని పలకరించేవారు. మొదట్లో నవ్వేవాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి సినిమాలోనూ తన్నులు తినే వేషమే. ఒక్కదాంట్లో కూడా గెలవలేదు.

సోవియట్ రాజ్యం కూలిపోయిన చలికాలంలో మా నాటకశాలలో వెచ్చదనం లేదు, జీతాలు లేవు. ప్రేక్షకులు కూర్చునే చోట చైనా సరుకుల అంగళ్ళు వెలిశాయి. బురుల్ కూడా అక్కడే మేజోళ్ళు అమ్మింది. సరిగ్గా అప్పుడే మెలిస్ దిగాడు. ఒకప్పుడు కమ్యూనిస్టు యువజన సంఘం కార్యదర్శిగా ఇదే వ్యాయామశాలలో, డబ్బు కోసం గుద్దుకోవడం పెట్టుబడిదారుల కుళ్ళు అని గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చినవాడు. ఇప్పుడు తోలుకోటు వేసుకుని, వృత్తి బాక్సింగు పోటీలు పెడుతున్నాను, సినిమా మొహం నాకు కావాలి అన్నాడు.

విల్లి అప్పటికి జర్మనీ వెళ్ళిపోవడానికి సామాను కట్టుకుంటున్నాడు. సాతర్ అతని దగ్గరికి వెళ్ళినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. వాళ్ళావిడ దగ్గర కుట్టుమిషను కొనుక్కోవడానికి వెళ్ళాను.

"నేను నీకు నేర్పింది మూడు రౌండ్ల ఆట" అన్నాడు విల్లి. "వీళ్ళు పది ఆడిస్తారు. ముప్పై అయిదేళ్ళు నీకు. దెబ్బ వస్తున్నట్టు కళ్ళకి తెలుస్తుంది, కాళ్ళు జరగవు. వద్దురా."

"మీరు వెళ్ళిపోతున్నారుగా" అన్నాడు సాతర్. "ఇక వద్దనేవాళ్ళెవరు?"

విల్లి పెట్టెకి తాడు బిగించుకున్నాడు.

గోడల మీద వేసిన బొమ్మలో సాతర్ సినిమాలోని ఎర్ర అంగీతో ఉన్నాడు. రింగులోకీ అదే వేసుకుని రమ్మన్నారు. జనం వచ్చింది ఆ పొగరుబోతు పడటం చూడటానికే. మొదటి పోటీలో "పడిపో, పడిపో!" అని హాలంతా అరుస్తూంటే అతను పడలేదు. అవతలివాణ్ణి పడగొట్టాడు. తర్వాతి పోటీలూ గెలిచాడు. జనం ముఖాలు ముడుచుకుని ఇళ్ళకి పోయేవారు. సాతర్ మాత్రం ఆ ఏడాది ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉన్నాడు. కన్ను వాచి మూసుకుపోయినా అంగళ్ళ మధ్యకి వచ్చి నా పక్కన కూర్చునేవాడు.

"అక్కడ రాసిపెట్టిన మాటలు లేవక్కా" అన్నాడొకసారి. "ఎవడు గెలవాలో ముందు ఎవడూ చెప్పడు."

ఆ ముచ్చట ఎంతోకాలం నిలవలేదు. కనుమకి అవతల, పక్క దేశంలోని ఆల్మాటీలో పోటీ కుదిరింది. అవతల పైకొస్తున్న కుర్రాడు, అక్కడి పెద్దమనుషుల ముద్దుబిడ్డ. అయిదో రౌండులో పడిపొమ్మని మెలిస్ ముందే చెప్పాడు. సాతర్ కుదరదన్నాడు. మెలిస్ నవ్వి, ఆలోచించుకో అని ఊరుకున్నాడట.

తర్వాత జరిగింది బురుల్ నాకు చెప్పింది. తను ముందు వరసలోనే కూర్చుంది. అయిదో రౌండు దాటింది, ఆరు దాటింది. సాతరే పైచేయిగా ఉన్నాడు. ఏడో రౌండులో ఆ కుర్రాడి కుడిచెయ్యి చెవి పైన తగిలింది. సాతర్ చేతులు బార్లా చాపి వెల్లకిలా పడ్డాడు. అచ్చం సినిమాలోలాగే. హాలు పగలబడి నవ్వింది. ఈలలు వేశారు. నటిస్తున్నాడు, అమ్ముడుపోయాడు అని అరిచారు. రింగు పక్కనున్న డాక్టరు కూడా నవ్వుతూ కూర్చున్నాడు, లేచి రాలేదు. సాతర్ ఎలాగో లేచి నిలబడ్డాక మెలిస్ వచ్చి, చివరికి తన మాట విన్నాడనుకుని వీపు తట్టాడు. "సినిమాలో కంటే బాగా పడ్డావు" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కొర్దాయ్ కనుమ ఎక్కుతుంటే సాతర్ కార్లో మాట్లాడటం మొదలుపెట్టాడట. అన్నీ ఆ సినిమాలో పొగరుబోతు మాటలే. బురుల్ నవ్వింది. "ఇక చాలు, ఇక్కడ టిక్కెట్టు కొన్నవాళ్ళెవరూ లేరు" అంది. అతను ఆపలేదు. కనుమ దిగేలోపు ఆమె ఒళ్ళో కక్కాడు. అప్పటికి గాని ఆమెకి భయం వేయలేదు. ఇంటికొచ్చి పడుకున్నవాడు రెండు రోజులు లేవలేదు. లేచాక, మెలిస్ ఇవ్వబోయిన డబ్బుని అతని మొహానే విసిరికొట్టాడు. ఊరు మాత్రం అమ్ముడుపోయాడని ముందే తీర్పు చెప్పేసింది.

అమ్ముడుపోయానన్న మాట పోగొట్టుకోవడానికి అతనికి ఒకటే దారి మిగిలింది. తను నిజంగానే ఓడిపోయానని ఊరిని నమ్మించాలి. టీ దుకాణంలో, బస్సు స్టాండులో, ఎవరు కనిపించినా ఆపి చెప్పేవాడు. వాళ్ళు కన్నుగీటేవారు. "సరేలే సాతర్, మాకు తెలియదా" అనేవారు. ఒకసారి బురుల్ విసిగిపోయింది.

"చావు దెబ్బ తిన్నానని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకునే మొగుణ్ణి నిన్నే చూస్తున్నా" అంది. "తల ఎత్తుకు తిరగరాదా?"

"నువ్వూ నవ్వావు కదే కార్లో" అన్నాడు సాతర్.

నిజాయితీ నిరూపించుకోవడానికి ఇంకా రెండు పోటీలు ఆడాడు. రెండూ ఓడిపోయాడు. అప్పుడూ ఎవరూ నమ్మలేదు. చేతులు వణకడం మొదలైంది. అంగళ్ళలో నిలబడి తను వచ్చిన పనేమిటో మరిచిపోయేవాడు.

నాటకశాలలో అంగళ్ళు ఖాళీ చేయించి మళ్ళీ తెర ఎత్తేనాటికి జెకెన్ మెట్లెక్కలేని ముసలాడయ్యాడు. ఖాన్ నాటకమే మళ్ళీ వేద్దామన్నాడు. సాతర్‌ని పిలిచి మొహంలోకి చాలాసేపు చూశాడు. ముడతలు, కుంగిన కళ్ళు, నెరిసిన కనుబొమలు. "ఇప్పుడొచ్చింది ఖాన్ మొహం" అన్నాడు. సాతర్ పిల్లాడిలా ఏడ్చాడు.

మొదటి రిహార్సల్లోనే నాకు తెలిసిపోయింది. ఒకప్పుడు పుస్తకం లేకుండా అప్పజెప్పిన మాటలు ఇప్పుడు అతని దగ్గర నిలవడం లేదు. ఒక్కో వాక్యం నేను అందిస్తుంటే అతను అందుకునేవాడు. గొంతు మాత్రం అదే. జెకెన్‌తో చెప్పాను. "నువ్వున్నావుగా జూరా, లాక్కురా" అన్నాడు.

మొదటి ప్రదర్శనకి హాలు నిండింది. మెలిస్ ముందు వరసలో ఉన్నాడు, అప్పటికి పెద్ద నాయకుడు. రెండంకాలు లాక్కొచ్చాను. తీర్పు ఘట్టం వచ్చింది. కొడుకు మోకాళ్ళ మీద ఉన్నాడు. సాతర్ ఆగిపోయాడు. మాట అందించాను. మళ్ళీ అందించాను. ఊపిరి వినిపిస్తోంది, మాట రావడం లేదు. తర్వాత అతను కొడుకుని వదిలేసి ప్రేక్షకుల వైపు తిరగడం అంగీ అంచు కదలికలో కనిపించింది.

"నేను ఆల్మాటీలో నిజంగానే పడ్డాను" అన్నాడు, ఖాన్ గొంతుతో.

వెనక వరసల్లోంచి ఎవడో, "పడిపో సాతర్!" అన్నాడు. హాలంతా నవ్వింది. తెర దించేశారు.

మర్నాడు బురుల్, నేను అతన్ని రాజధాని బిష్కెక్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తలకి పరీక్షలు చేసి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. పాత దెబ్బ, లోపల రక్తం కారి గడ్డకట్టింది, ఆ రోజే ఆసుపత్రికి తెచ్చి ఉంటే వేరుగా ఉండేదని చెప్పింది. ఇక తగ్గేది కాదంది. సాతర్ మొహం వెలిగిపోయింది. అంత ఆనందం నేనతని మొహంలో ఎన్నో ఏళ్ళుగా చూడలేదు. పెళ్ళాం వైపు తిరిగాడు.

"విన్నావా? నిజంగానే తగిలింది."

"విన్నాను" అంది బురుల్. మొహం కప్పుకుని బయటికి వెళ్ళిపోయింది.

తర్వాత అతను నాటకశాల గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపుతూ కొన్నాళ్ళున్నాడు. ఆపైన అదీ చేతకాలేదు. బురుల్ అతనికి అన్నం తినిపించేది. ఆమె పేరు మరిచిపోయాడు గాని, ఆమె వస్తే రింగులోలా గడ్డం దించేవాడు.

మార్చిలో, మంచు కరగకముందే పోయాడు. శవాన్ని ఉంచడానికి వాకిట్లో గుడారం వేశారు. లోపల బురుల్ మా ఆచారం ప్రకారం గోడవైపు తిరిగి కూర్చుని, మొగుడి గుణాలు పాడుతూ శోకాలు పెడుతోంది. బయట మగవాళ్ళ మధ్య మెలిస్ లేచి నిలబడి మాట్లాడాడు. ఇలాంటి నటుడు మళ్ళీ పుట్టడన్నాడు. "ఆల్మాటీలో ఎలా పడ్డాడో నా కళ్ళారా చూశాను. అంత సహజంగా పడటం ఎవడి తరం?" అన్నాడు. పెద్దలు తలలూపారు.

గుడారంలో బురుల్ గొంతు ఆగిపోయింది. మేమందరం ఆమె వైపు చూశాం. వీపు కదల్లేదు. ఆడపడుచు భుజం మీద చెయ్యేసి మెల్లగా తట్టింది. కాసేపటికి బురుల్ మళ్ళీ శోకం అందుకుంది, మాటల్లేని ఉత్త రాగం.

గుర్రం మాంసం ఉడికింది. గౌరవ అతిథికిచ్చే తొడ ఎముక మెలిస్ ముందు పెట్టారు. అతను చేతులు తుడుచుకుని, తృప్తిగా తిన్నాడు.