నలభై ఏళ్ళ డమ్మీ

ఇది ఒక మహాకావ్యం. ఇందులో రాజులున్నారు, రాణులున్నారు, నలభై ఏళ్ళ అవమానం ఉంది, దానికి జవాబు చెప్పిన ఒక సాయంత్రం ఉంది. భార్యాభర్తలు చెరో పక్షాన నిలబడి యుద్ధం చేశారు. నేను ఆ యుద్ధాన్ని కళ్ళారా చూశాను.

నిజానికి ఎవరూ నిలబడలేదు. నలుగురం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. రణరంగం అబిడ్స్‌లో ఒక సందు, స్టేషనరీ షాపు మీద మూడో అంతస్తు, ఒక బ్రిడ్జ్ క్లబ్బు. ఫ్యాను వేస్తే పేకముక్కలు ఎగిరిపోతాయి, ఆపేస్తే మనుషులు అలుగుతారు. ఆ గదిలో అరుపుల దాకా వెళ్ళే గొడవ అదొక్కటే. మహాకావ్యం మాట వెనక్కి తీసుకుంటున్నా.

బ్రిడ్జ్ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి, లేకపోతే మా వీరత్వం మీకు అందదు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జంట. మనిషికి పదమూడు ముక్కలు. నలుగురూ తలా ఒకటి వేస్తే ఒక పట్టు, అది పెద్ద ముక్క వేసినవాళ్ళది. ముందు వేలంపాట: ఏ రంగు తురుపు, పదమూడు పట్లలో మేం ఎన్ని పడతాం అని. పాట గెలిచిన జంటలో ఆ రంగు పేరు మొదట పలికినవాళ్ళు ఆడతారు. వాళ్ళ ఎదుటి మనిషి తన ముక్కలన్నీ బల్లమీద అందరికీ కనపడేలా పరిచి నోరు మూసుకోవాలి. ఆ మనిషిని డమ్మీ అంటారు. డమ్మీ ముక్కలు కూడా ఆడేవాళ్ళే ఆడతారు. డమ్మీకి మిగిలే స్వేచ్ఛ ఒకటే, చాయ్ ఎక్కడిదాకా వచ్చిందో లేచి వెళ్ళి చూడటం.

క్లబ్బులో నేను ఆంటీ అని పిలిచే ఆవిడ నలభై ఏళ్ళు ఆ స్వేచ్ఛ అనుభవించారు.

ఆవిడ తపాలా శాఖలో రిటైరయ్యారు. అంకుల్‌తో పెళ్ళయిన కొత్తలో నేర్చుకున్న ఆట. ఇద్దరూ ఒక జంటగానే ఆడేవాళ్ళు. ఆవిడ ఆఠీను అంటే ఆయన ఇస్పేటు అనేవారు. ఆవిడ కళావరు అన్నా ఆయన ఇస్పేటే. చేతిలో ఇస్పేట్లు ఉన్నాయా లేవా అన్నది ఆయనకు చిన్న విషయం. ఆట తనదై ఉండాలి, అంతే. ఆవిడ ముక్కలు పరిచి చాయ్ చూడటానికి వెళ్ళేవారు. క్లబ్బులో కొందరు ఆవిడను డమ్మీగారు అని పిలిచేవారట, గౌరవంగా.

నేను ఆ క్లబ్బుకి పోయింది పేక కోసం కాదు. నాంపల్లి కోర్టుల్లో ఒక లాయర్ దగ్గర జూనియర్‌ని. ఆయనే ఆ క్లబ్బు సెక్రటరీ కూడా. ఆదివారం సంతకాలు కావాలంటే మూడంతస్తులు ఎక్కాలి. సార్ ఒక చేత్తో సంతకం పెడుతూ ఇంకో చేత్తో ముక్క వేసేవారు. రెండూ చదివి చేసేవారు కాదు. జంట దొరకని రోజు నన్ను కూర్చోబెట్టేవారు. అట్లా చూసి చూసి నాకు నియమాలు వచ్చాయి. ఆట మాత్రం రాలేదు.

ఒక ఆదివారం ఆంటీ ఆఠీను అన్నారు. అంకుల్ అలవాటుగా ఇస్పేటు అన్నారు. ఆవిడ మళ్ళీ ఆఠీను. ఆయన మళ్ళీ ఇస్పేటు. ప్రతి మాటకూ పాట పైకి పోతుంది కదా, అట్లా ఏడు దాకా ఎక్కి, ఆకాశం అయిపోయింది. పాడిన అంకెకు ఆరు కలిపి లెక్క, ఏడు ఇస్పేట్లంటే పదమూడు పట్లూ పట్టాలి. అంకుల్ ఆరు పట్టారు. ఆంటీ లేచి, ముక్కలు సర్ది, మూలన ఒంటరిగా ఉన్న నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు.

"ఏం బాబూ, పాట మధ్యలో నా రంగు మారుస్తావా?"

"నాకు రంగులే సరిగ్గ తెల్వదు ఆంటీ."

"అయితే సరిపోతావు," అన్నారు.

మా జంట అట్లా పుట్టింది. పుట్టిన వెంటనే ఆఖరి స్థానంలోకి పోయి అక్కడే కాపురం పెట్టింది. వరుసగా ప్రతి ఆదివారం ఆఖరు. అటు అంకుల్‌కి మా సార్ జంటయ్యారు. అక్కడ సమస్య వేరే. ఇద్దరికీ ఆడటమే కావాలి, ముక్కలు పరిచే మనిషి లేడు. రెండు వారాలకే అంకుల్ తన డమ్మీని తనకిప్పించమని క్లబ్బుకి మొరపెట్టుకున్నారు. సార్ తీర్పు చెప్పేశారు. వచ్చే ఆదివారం కూడా మేం ఆఖరే అయితే మా జంట రద్దు, ఆంటీ తిరిగి అంకుల్ ఎదురుగా, నేను వాటర్ ఫిల్టర్ పక్కన నేర్చుకునేవాళ్ళ బల్లకి. సెక్రటరీ ఆయనే, అంకుల్‌కి జంట ఆయనే, నాకు జీతమిచ్చేది ఆయనే. అప్పీలు ఎక్కడ వేయాలో నాకు తోచలేదు.

ఆంటీకి ఆ మాట చేరగానే ఒకటే అన్నారు.

"నేను మళ్ళీ అక్కడ కూర్చోను. నా ముక్కలు నేనే ఆడతాను. నీకు కోర్టు ఎన్నింటికి అవుతుంది?"

ఆ వారమంతా కోర్టు అయ్యాక నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక బెంచీ మీద మా బడి. ఆవిడ చెప్పిన మొదటి పాఠం ముక్కల గురించి కాదు, చేతుల గురించి. డమ్మీ పరవగానే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకోవాలి. మొదటి ముక్క వేసేముందే లెక్క పూర్తి కావాలి. ఖాయంగా వచ్చే పట్లు ఎన్ని, ఇంకెన్ని కావాలి, అవి ఏ రంగులోంచి తేవాలి, మధ్యలో ఎవరు పట్టుకుంటే కొంప మునుగుతుంది. మా క్లబ్బులో ఇది పెద్ద తప్పు. అక్కడ చకచకా వేసేవాడే మొనగాడు. ఆగి ఆలోచిస్తే, పాపం వీడికి రాదు అనుకుంటారు. నాకు నిజంగానే రాదు కాబట్టి పరువు నష్టం లేదు.

రెండో పాఠం ఎదుటివాళ్ళు ఆడుతున్నప్పుడు మనం వాళ్ళను ఎట్లా ఆపాలన్నది. మా క్లబ్బులో ఇంకో ఆచారం ఉంది, వచ్చిన పట్టు ఎవరూ వదలరు. చేతిలో ఆసు ఉంటే పడాల్సిందే. ఇంటికి పోయినప్పుడు ఇచ్చిన చాయ్ వద్దన్నట్టు అవుతుందని భయమో ఏమో. ఆంటీ మాత్రం, ఆసు పారిపోదు, కూర్చోబెట్టు, అనేవారు. ఎదుటివాడికి అది ఎప్పుడు ఎక్కువ నొప్పో అప్పుడు లేపాలట. నేను ముందే లేపేవాడిని, ఆవిడ తల పట్టుకునేవారు. మళ్ళీ పంచేవారు.

మూడో రోజు ఒక కానిస్టేబుల్ వచ్చి నిలబడ్డాడు. పైసలు పెట్టి ఆడుతున్నరా అని అడిగాడు. లేదు బాబూ అన్నారు ఆంటీ. ఆయన మా ముఖాలు, ముక్కలు, బ్యాగులు అన్నీ చూశాడు.

"మరి ఎందుకు ఆడుతున్నరు?"

ఆంటీ మళ్ళీ ముక్కలు పంచారు. ఆయనకు అనుమానం తీరలేదు గానీ, మామీద పెట్టడానికి ఏ సెక్షనూ తట్టక వెళ్ళిపోయాడు.

ఆదివారం వచ్చింది. మొదటి రౌండ్లలో మేం ఎప్పటిలాగే ఆడాం, అంటే బాగా ఆడలేదు. చివరి రౌండుకి మా బల్ల దగ్గరికి అంకుల్, సార్ వచ్చి కూర్చున్నారు. అప్పటికి మా జంటా ఇంకో జంటా అడుగున పక్కపక్కనే ఉన్నామని బోర్డు చెప్తోంది. అంకుల్ చాలా సంతోషంగా ఉన్నారు. ఆంటీ కుర్చీ తనే లాగి సర్దారు, సొంత సామాను ఇంటికి తీసుకుపోయేవాడిలా.

మొదటి పంపకంలో అంకుల్ ఆడుతున్నారు, తురుపు లేని ఆట. సార్ డమ్మీ. సార్ పరిచిన ముక్కల్లో ఐదు డైమన్లు, రాజు, రాణి, జాకీ, పది, ఇంకో చిన్నది. మిగతా రంగుల్లో చెప్పుకోవడానికి ఏమీ లేదు. డైమను ఆసు నా దగ్గర ఉంది. అంకుల్ తన చేతిలోంచి డైమను వేసి సార్ రాజును లేపారు. నా వేళ్ళు ఆసు మీదికి పోయాయి. బెంచీ గుర్తొచ్చింది. చిన్న ముక్క వేశాను.

అంకుల్ నా వైపు జాలిగా చూశారు. ఆసు నా దగ్గర లేదనుకున్నారు. ఉండి వెయ్యనివాడు ఆ గదిలో ఇంతవరకు పుట్టలేదు మరి. మళ్ళీ డైమను వేశారు, ఈసారి ఆసుతో పట్టాను. ఇప్పుడు చూడండి. అంకుల్ చేతిలో డైమన్లు రెండే, రెండూ అయిపోయాయి. సార్ వైపు మూడు మంచి డైమన్లు మిగిలాయి, కానీ అటు దాటడానికి వేరే రంగులో ఒక్క పెద్ద ముక్క లేదు. తాళం పడ్డ అల్మారాలో మిఠాయి. అంకుల్ దాన్ని చూస్తూనే ఓడిపోయారు. సార్ ముఖం ఎర్రబడింది, కానీ డమ్మీ మాట్లాడకూడదు. నా ఉద్యోగ జీవితంలో సార్ నా ఎదుట నియమం ప్రకారం నోరు మూసుకున్న సందర్భం అదొక్కటే. ఆ సుఖం వర్ణించను, ఇంకా అక్కడే పని చేస్తున్నా.

ఆఖరి పంపకం. అంకుల్ పాట మొదలుపెట్టారు, రెండు ఇస్పేట్లు. మా క్లబ్బులో మొదటే అట్లా అంటే ఇస్పేట్లు సరిగ్గా ఆరు ఉన్నాయని, మిగతాది అంతంతమాత్రమని అర్థం. ఆంటీ మూడు ఆఠీన్లు అన్నారు. నేను నాలుగు చేశాను. పదమూడింట పది పట్లు పట్టాలి. నేను రంగు మార్చలేదన్నది రికార్డులో ఉండాలి.

నా ముక్కలు పరిచాను. ఇక నేను డమ్మీ. ఇన్నేళ్ళు ఆవిడ కూర్చున్న చోట ఎట్లా ఉంటుందో ఆ పది నిమిషాల్లో తెలిసింది. అన్నీ కనపడతాయి, ఏమీ చేయలేవు. చాయ్ చూడటానికి కూడా లేవలేకపోయాను.

అంకుల్ ఇస్పేట్లతో మొదలుపెట్టి రెండు పట్లు పట్టారు. మూడోది నా తురుపుతో కోశారు ఆంటీ. ఆఠీన్లు మూడు సార్లు తిప్పారు. కళావర్లలో ఒక పట్టు సార్‌కి పోయింది. ఇక ఒక్కటి పోయినా ఆట పోతుంది. మిగిలింది డైమన్లు. ఆసూ పదీ నా వైపు, రాజూ జాకీ ఆవిడ వైపు. రాణి బయట ఉంది. అంకుల్ దగ్గర ఉంటే ఒక దారిలో పట్టాలి, సార్ దగ్గర ఉంటే ఇంకో దారిలో. తప్పు దారి పడితే ఆవిడ మళ్ళీ ఆ పాత కుర్చీకి.

అప్పుడు అంకుల్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు.

ఆంటీ ఎప్పుడో మాటల్లో చెప్పారు, ఆయన చేతిలో రాణి ఉంటే అద్దాలు పైకి పోతాయని. పెళ్ళైన నాటినుంచీ అంతేనట. అది చాలు, రాణి అంకుల్ దగ్గర ఉంది. చెప్పేయాలనిపించింది. డమ్మీని.

ఆంటీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. చాలాసేపు కదల్లేదు. సార్ కుర్చీలో అటూ ఇటూ జరిగి, "ఏందమ్మా, జర జల్ది కానియ్యిన్రి," అన్నారు. ఆవిడ సార్ వైపు చూడనే లేదు.

"ఏవండీ, మీరు రెండు ఇస్పేట్లు పాడారు కదూ?"

"పాడాను. అయితే?"

"ఏం లేదు. ఆరు ఇస్పేట్లు. ఆఠీన్లు మూడు సార్లూ వేశారు. కళావర్లు కూడా మూడు సార్లు వేశారు. పన్నెండయ్యాయి. మీ దగ్గర డైమను ఒక్కటే ఉంటుంది."

అంకుల్ అద్దాలు కిందికి దిగాయి.

ఆవిడ నా ఆసు ముందు వేయించారు. ఆ ఒక్కటీ రాణే అయితే దాని కింద పడిపోవాలి. అంకుల్ వేసింది ఒక చిన్న ముక్క. అంటే రాణి సార్ దగ్గర ఉంది, ఇక అనుమానం లేదు. నా పదిని సార్ ముందు పెట్టించారు. సార్ రాణిని దాచారు. ఆంటీ చిన్నది వేశారు, పదే గెలిచింది. తర్వాత రాజు, చివరికి మిగిలిన తురుపు. పది పట్లు.

ముక్కలు సర్దుతూ అంకుల్ అడిగారు, రాణి తన దగ్గర ఉందనుకోలేదా అని.

"మీ కళ్ళద్దాలు అలాగే చెప్పాయి. మీ పాట వేరే చెప్పింది. పాటనే నమ్మాను."

"ముక్కు దురద పెట్టిందే," అన్నారు అంకుల్. మొదటి సంవత్సరం లా చదివేవాడు కూడా ఆ సాక్ష్యం నమ్మడు.

సార్ బోర్డు మీద ఫలితాలు రాశారు. మేం గెలవలేదు. ఆఖరి నుంచి రెండో స్థానం. నేను ఎగిరి గంతేస్తే సార్ వింతగా చూశారు.

"ఓడిపోయిన్రు కదరా, గంతులెందుకు?"

"ఆఖరు రాలేదు సార్. తీర్పు మీదే."

ఆయన మార్కర్ మూత పెట్టేసి, సోమవారం ఫైళ్ళు చాలా ఉన్నాయన్నారు. ఉన్నాయి కూడా. అన్నీ నా బల్ల మీదే తేలాయి.

ఆ సాయంత్రం ముగ్గురం నడుచుకుంటూ మొజంజాహీ మార్కెట్‌కి పోయి ఐస్‌క్రీమ్ తిన్నాం. సీతాఫలం ఐస్‌క్రీమ్ కప్పులో చెంచా తిప్పుతూ, ఎవరినీ అడగనట్టుగా అడిగారు అంకుల్, వచ్చే వారం నాతో కూర్చుంటావా అని. ఆంటీ తినడం ఆపలేదు.

"కూర్చుంటాను. ముక్కలు మీరు పరవాలి."

అంకుల్ ఇంకా ఆలోచిస్తున్నారు. అందాకా ఆవిడ ఎదురుగా నేనే ఉన్నా. మమ్మల్ని ఓడించాలనుకునేవాళ్ళు రావచ్చు, ఇప్పటికీ అది పెద్ద కష్టమేమీ కాదు. ఆట ఆదివారం సాయంత్రం నాలుగింటికి. మూడో అంతస్తు. లిఫ్టు పనిచెయ్యదు.