లేని గది అడ్రసు

కథ ఓ పేజీ అయినా సాగని రోజు శ్రీవిద్యకు అన్నం సయించదు. అలాగని బల్ల ముందు తీరిగ్గా కూర్చుని రాసుకునే యోగం ఆవిడకెక్కడిది? కాపురం తెనాలిలో. ల్యాబ్ టెక్నీషియన్‌గా వారంలో మూడు రోజులు బాపట్లలో ఒక నర్సింగ్ హోమ్, మూడు రోజులు రేపల్లెలో ఇంకొకటి. రక్తం తీయడం, రిపోర్టులు ఇవ్వడం, మళ్లీ రైలెక్కడం. నలభై నాలుగేళ్ల మనిషికి సొంతమని మిగిలిన సమయమంతా పట్టాల మీదే ఉంది.

మొదట్లో నోటుపుస్తకం పట్టుకెళ్లేది. పక్కవాళ్లు మెడలు సాచి చదివేవారు. ఒక పెద్దాయనైతే "ఆ పిల్లకి పెళ్లెప్పుడు చేస్తావమ్మా?" అని నాయిక గురించి నిలదీశాడు కూడా. దాంతో పుస్తకం మూసేసి ఫోను తీసింది. రికార్డరు నొక్కి, ఫోను చెవికి ఆనించి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు కథ చెప్పుకోవడం మొదలుపెట్టింది. తనలో తాను గొణుక్కుంటే పిచ్చిదంటారు గానీ, ఫోనులో గంటసేపు వాగినా మన రైళ్లలో ఎవరూ ఏమీ అనుకోరు. నిజం ఫోనులా వినపడాలని "వదినా" అని ఎత్తుకునేది. మధ్యమధ్య "ఆఁ, అవును" అని చేర్చేది. కథంతా "నేను" అనే నడిపేది. ఇంటికొచ్చాక కుక్కరు కూతపెట్టేలోగా అదంతా కాగితమ్మీదికి ఎక్కించేది.

బాపట్ల రైలు ఆగీ ఆగకుండా పోతుంది కాబట్టి అందులో పాతవి విని దిద్దుకునేది. రేపల్లె ప్యాసింజరుది నిదానం మనసు. ప్రతి స్టేషన్లో నిలబడి ఊరి క్షేమం కనుక్కుని గానీ కదలదు. అసలు కథంతా అందులోనే పుట్టేది. జ్వరమొచ్చిన రోజులు తప్ప నాలుగేళ్లలో ఆవిడ ఒక్క రోజూ మానలేదు.

ఈ ఏడాది నడుస్తున్న నవలలో నాయిక మొగుడి చేతిలో దెబ్బలు తింటుంది. ఆ మొగుడికీ శ్రీవిద్య మొగుడు శశిధర్‌కీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. శశిధర్ వంటింట్లో బల్లి కనపడినా బతిమాలి బయటికి పంపే రకం. పోయిన వారం నాయిక ఇల్లు వదిలేసింది. "ముందు సర్టిఫికెట్లు సర్దుకున్నాను వదినా, తర్వాతే చీరలు. తెనాలిలో ఒక ముసలావిడ గది ఇచ్చింది. ఒక్క ప్రశ్న అడగలేదు, తాళంచెవి చేతిలో పెట్టింది." ఈ మాటలు చెబుతుంటే శ్రీవిద్యకే కళ్లు చెమర్చాయి. అబ్బ, ఎంత బాగా వచ్చిందో అని తన్ను చూసి తనే మురిసిపోయింది.

సోమవారం సాయంత్రం రేపల్లెలో రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుని రికార్డరు నొక్కబోతోంది. ఎదుటి సీట్లోకి ఒకామె వచ్చి కూర్చుంది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఎప్పుడూ వెనక సీట్లో కూర్చుని భట్టిప్రోలులో దిగిపోయే మనిషి. ముఖం తెలుసు, పేరు తెలియదు. ఇవాళ ఆమె ఒళ్లో పెద్ద బ్యాగు ఉంది.

"అక్కా, నా పేరు రూబీ అండి. ఇక్కడ స్కూల్లో ఆయాగా చేస్తన్నాను," అంది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నేనూ వచ్చేశానండి."

"ఎక్కడికమ్మా?"

"ఇల్లొదిలేసి. మీరు చెప్పినట్టే ముందు సర్టిఫికెట్లు పెట్టుకున్నా. టెన్త్‌దీ, కుట్టు ట్రైనింగుదీ. తర్వాత రెండు చీరలు."

శ్రీవిద్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక రికార్డరు నొక్కబోతున్న వేలు వెనక్కి తీసుకుంది.

"ఏడాది నుంచి వింటన్నానండి మీ మాటలు. చాటుగా వినడం తప్పేననుకోండి. కానీ ఆ తిట్లూ ఆ దెబ్బలూ అన్నీ మా ఇంట్లోవే. అంతలా పడ్డ మనిషే బయటికొచ్చిందంటే నేనెందుకు రాలేనూ అనుకున్నా. అక్కా, ఆ ముసలావిడ దగ్గర ఇంకో గది ఉంటదా? మీరు అడ్రసు చెప్పండి చాలు. నేనెళ్లి అడుక్కుంటా."

సరిగ్గా అప్పుడే శ్రీవిద్య చేతిలో ఫోను మోగింది. శశిధర్ ఫోనులో మాట్లాడితే పెట్టెలో సగం మందికి వినపడుతుంది.

"విద్యా, బయల్దేరావా? వంకాయ కూర పొయ్యి మీద పడేశా. వచ్చెయ్, వేడిగా తిందాం."

"ఆయనెవరండి?" అంది రూబీ.

"మా ఆయన."

రూబీ ముఖం పాలిపోయింది. "మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లిపోయారా?"

శ్రీవిద్య నోరు తెరిచేలోపే రూబీ తల ఊపింది. "అంతేలెండి. ఎవరైనా చివరికి అంతేనన్నమాట. నేను భట్టిప్రోలులో దిగిపోతానక్కా. మా ఆయన ఏడింటికి గానీ రాడు. ఈలోపు అన్నీ ఎక్కడివక్కడ పెట్టేస్తే తెలీదు."

రైలు పల్లెకోన దాటింది. తర్వాతిది భట్టిప్రోలే. తన కథ నమ్మి ఒక మనిషి గడప దాటింది. ఇప్పుడు ఆ కథే నమ్మి మళ్లీ దెబ్బల్లోకి నడిచి వెళుతోంది.

"ఆగమ్మా! నేను ఇల్లు వదల్లేదు, తిరిగీ వెళ్లలేదు. మా ఆయన నన్నెప్పుడూ చెయ్యెత్తి కొట్టిన మనిషి కాదు. అదంతా కథ. నేను కల్పించింది. ఫోనులో అవతల ఎవరూ లేరు," అంటూ రికార్డింగుల వరస తీసి చూపించింది.

రూబీ ఆ తెర వంక రెప్ప వేయకుండా చూసింది.

"ముసలావిడ?"

"లేదు."

"గది?"

"లేదమ్మా."

తిడుతుందనుకుంది శ్రీవిద్య. తిట్టినా బాగుండేది. రూబీ బ్యాగు జిప్పు సగం తీసి, మళ్లీ మూసింది.

"అయితే మీకు ఒక్క దెబ్బా తగల్లేదా అక్కా?" అంది. "పోన్లెండి. మంచిదే."

శ్రీవిద్యకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంత సిగ్గు జన్మలో ఎరగదు. ఈలోగా రైలు భట్టిప్రోలులో ఆగింది. రూబీ లేచింది. శ్రీవిద్య ఆమె బ్యాగు పట్టీ గట్టిగా పట్టుకుంది.

"గది లేదు గానీ మా ఇల్లుంది. ఇవాళ్టికి రా. రేపటి సంగతి ఇద్దరం కూర్చుని చూద్దాం."

రూబీ ప్లాట్‌ఫారం వైపు చూసింది, పట్టీ మీది చేతిని చూసింది. రైలు కూత వేసి కదిలింది. ఆమె కూర్చుంది.

తెనాలిలో దిగి ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. శశిధర్ భుజాన తువ్వాలుతో తలుపు తీశాడు. కొత్త మనిషిని, పెద్ద బ్యాగుని చూసి నవ్వుముఖం పెట్టాడు.

"రామ్మా, అదిలా ఇవ్వు," అంటూ బ్యాగు కోసం చెయ్యి చాచాడు.

రూబీ ఒక్క ఉదుటున గోడకు ఆనుకుపోయింది. ఆమె మోచెయ్యి దానంతట అదే లేచి చెంపకు అడ్డం వచ్చింది. శశిధర్ చాచిన చెయ్యి చాచినట్టే ఉంచి, బిత్తరపోయి పెళ్లాం వంక చూశాడు.

నాయిక తిన్న చెంపదెబ్బను శ్రీవిద్య ఈ ఏడాదిలో పదకొండు సార్లు రాసింది. రాసిన ప్రతిసారీ బాగా వచ్చిందనుకుంది. ఆ మోచెయ్యిని మాత్రం ఒక్కసారీ రాయలేదు. అలాంటిదొకటి ఉంటుందని ఆవిడకు తెలియనే తెలియదు.